ఇంజనాయిలుకు మొలక పరీక్ష

మెట్టధాన్యాల విత్తన నాణ్యతా మండలి జిల్లా కార్యాలయంలో గోడగడియారం ఆగిపోయి పదకొండేళ్లయింది. జనరేటరు కొన్న ఏడాదే మూలపడింది. మంచినీళ్ల యంత్రానికి ఎవరో పాత పూలదండ కూడా వేసి పోయారు. ఆ ఆవరణలో ఆగకుండా పనిచేస్తున్నవి రెండే. ఒకటి తెల్ల అంబాసిడరు కారు, రెండోది దాన్ని ఇరవై తొమ్మిదేళ్లుగా నడుపుతున్న డ్రైవరు పారినాయుడు.

కారు మీటరులో అయిదంకెలే ఉంటాయి. లక్ష దగ్గరికి వెళ్లేసరికి అంకెలు చాలక మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. అలా ఆరుసార్లు వచ్చింది. ఇన్ని లక్షల కిలోమీటర్లలో, కొండలెక్కీ దిగీ, వానల్లో వాగులు దాటీ, లోపల ఆఫీసరుండగా బండి దారిలో ఆగిపోయిందన్న మాట ఒక్కసారి కూడా లేదు. పంక్చర్లని పారినాయుడు లెక్కలోకి తీసుకోడు. అవి రోడ్డు చేసిన తప్పులని అతని అభిప్రాయం. జులై ముప్పై ఒకటిన రిటైరవుతున్నాడు. ఆ సాయంత్రం నడుస్తున్న ఇంజనుతో బండిని కొత్త డ్రైవరుకి అప్పగించి ఇంటికెళ్లాలి. అతని కోరికల్లో మిగిలింది అదొక్కటే.

ఆ ఇంజను గుట్టు అతనికి తెలుసు. రోజూ పొద్దున్నే ఆయిలు మట్టం చూసే కమ్మీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తాడు. కమ్మీ కొసనున్న చుక్కని న్యూస్ పేపరు ముక్క మీద రాలుస్తాడు. ఆరాక దాని కింద తేదీ వేసి షెడ్డు గోడకి అతికిస్తాడు. చుక్క పలచగా దూరం పాకితే ఆయిల్లో డీజిలు కలుస్తోందని అర్థం. అంచు చీలికలైతే నీరు చేరింది. ఎండకి పట్టుకుంటే నలుపులో మెరుపు కనిపిస్తే లోపల ఇనుము అరుగుతోంది. కుర్రతనంలో ఒక లారీ మెకానిక్కు నేర్పిన విద్య ఇది. గోడంతా చుక్కలే. పాత ఇంజను వారానికో టీగ్లాసుడు ఆయిలు తాగేది, అతను వారానికో టీగ్లాసుడు పోసేవాడు. ఇంతకు మించిన ఒప్పందం వాళ్లిద్దరి మధ్య ఏమీ లేదు.

జూన్ మొదటి వారంలో ఉపసంచాలకులు విరూపాక్షరావు గారు రాజధానిలో రెండ్రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ ఒక నిపుణుడు, ఇంజన్లో తిరిగే ఆయిలు చుక్కలోనే ఆ ఇంజను జాతకమంతా ఉంటుందని చెప్పాడట. ఆయిలు వేడిగా ఉన్నప్పుడే తీయాలనీ, అదే ఇంజను పాత ఫలితాలతో పోల్చి చూసుకోవాలనీ, ఒక్క పరీక్షతో ఏమీ తేలదనీ కూడా చెప్పాడట. కాని అప్పటికే భోజనాల గంట కొట్టేశారు. మొదటి ముక్క మాత్రం విరూపాక్షరావు గారి మనసులో నాటుకుపోయింది. ఆయన తిరిగి రావడమూ సర్క్యులరు రావడమూ ఒకేసారి జరిగాయి.

పదిహేనేళ్లు దాటిన ప్రతి వాహనపు ఇంజను ఆరోగ్యమును గుర్తింపు పొందిన ప్రయోగశాలయందు తైలవిశ్లేషణ ద్వారా మాత్రమే నిర్ధారించవలెనని అందులో ఉంది. ఈ విషయమున డ్రైవర్ల అభిప్రాయములు పరిగణనలోకి తీసుకొనరాదని కూడా ఉంది. గుర్తింపు పొందిన ప్రయోగశాల ఎక్కడుందా అని వెతకాల్సిన పని లేకపోయింది. మేడమీదే ఉంది. ద్వారం పైన చట్రంలో ‘గుర్తింపు పొందిన ప్రయోగశాల’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ పనికి గుర్తింపన్నది కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. అది చోడీ, సామా, కందీ, నువ్వుల విత్తనాలు మొలకెత్తుతాయో లేదో చూసే గది.

నమూనా తీయడం ఆ ఆఫీసులో అందరికీ వచ్చిన పనే. ముప్పై ఏళ్లుగా బస్తాల్లోంచి గింజలు తీస్తున్నారు. ఇత్తడి గొట్టాన్ని బస్తాలో పైనా మధ్యా అడుగునా గుచ్చి గింజలు లాగడం, మూడు భాగాలు చెయ్యడం, లక్కతో సీలు వెయ్యడం. ఒక భాగం ప్రయోగశాలకి, ఒకటి ఆఫీసు బీరువాకి, మూడోది సరుకు ఎవరి దగ్గర తీశారో వాళ్లకి. రేపు తగాదా వస్తే ఎవరి వాటా వాళ్లు చూపించుకోవచ్చు. ఇదే పద్ధతిని యథాతథముగా పాటించవలెనని విరూపాక్షరావు గారు ఆజ్ఞాపించారు.

ఇత్తడి గొట్టం ఇంజన్లోకి దూరలేదు. ఆయిలు పోసే మూతి దగ్గరే ఇరుక్కుపోయింది. పైనా మధ్యా అడుగునా మూడుచోట్లా తీయకపోతే అది నమూనాయే కాదని విరూపాక్షరావు గారు పట్టుబట్టారు. ఆయిలు లోపల తిరిగేటప్పుడు పైదీ కిందదీ ఒకటే అవుతుందని పారినాయుడు విన్నవించుకున్నాడు. అది డ్రైవరు అభిప్రాయము గనుక పరిగణనలోకి రాలేదు. చివరికి సన్నని రబ్బరు గొట్టంతో మూడుసార్లు లాగి ఒక్కొక్కటి రెండొందల మిల్లీలీటర్ల చొప్పున మూడు సీసాలు నింపారు. మడ్‌గార్డు మీద కొవ్వొత్తి పెట్టి లక్క కరిగించారు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. కారు ప్రభుత్వానిదైనా ఆయిలు దొరికింది పారినాయుడి దగ్గర గనుక మూడో సీసా అతనికి ఇచ్చి రసీదు తీసుకున్నారు. పారినాయుడి భార్య దాలమ్మ ఆ సీసా పెట్టడానికి అటక మీద ఆవకాయ జాడీని పక్కకి జరపాల్సొచ్చింది. ప్రభుత్వం వారి సీసా అని చెబితే ఆవిడ దానికి పసుపు బొట్టు కూడా పెట్టింది.

అసలు ఇబ్బంది ఆ తరవాత మొదలైంది. ఆయిలు పోసే మూతకి విరూపాక్షరావు గారు తీగ చుట్టించి సీసం ముద్ర కొట్టించారు. ఒక అట్టముక్క వేలాడదీయించారు. ‘ఈ లాటు పరీక్షలో ఉన్నది. ఫలితము వచ్చువరకు ఇందులో ఏమియు కలుపరాదు, ఇందునుండి ఏమియు తీయరాదు.’ విత్తనాల గోదాములో వేలాడే అట్టే అది.

“బాబూ, ఇది పాత ఇంజనండి. వారానికి గ్లాసుడు ఆయిలు తాగుతాది. పొయ్యకపోతే లోపల ఇనుము ఇనుముని నమిలేస్తాది” అన్నాడు పారినాయుడు.

“పరీక్షలో ఉన్న లాటులో మరో లాటు కలిపితే నియమావళి దాన్నేమంటుందో తెలుసా నాయుడూ? కల్తీ అంటుంది” అన్నారు విరూపాక్షరావు గారు. “ఒక్క మెమో లేని సర్వీసు నీది. పోయే ముందు కల్తీ కేసులో ఇరుక్కుంటావా?”

ఆ మాట నిజమే. పారినాయుడి సర్వీసు పుస్తకంలో మచ్చలేదు. మెమో పడితే విచారణ తేలేవరకూ పింఛను కాగితాలు కదలవని అతనికి బాగా తెలుసు. పోనీ కమ్మీ లాగి మట్టమైనా చూసుకుందామని మర్నాడు బానెట్ ఎత్తాడు. విరూపాక్షరావు గారు కిటికీలోంచి చూశారు. కమ్మీని తుడిచిన గుడ్డకి అంటిన ఆయిలు కూడా లాటులో భాగమేననీ, రోజూ గుడ్డకి తుడవడమంటే నమూనాని కొంచెం కొంచెంగా ధ్వంసం చేయడమేననీ తేల్చి, ఆ కమ్మీకి కూడా ముద్ర వేయించారు. ఆ పూట నుంచి పారినాయుడికి ఇంజను సంగతి చెవులతో వినడం తప్ప వేరే దారి లేకుండా పోయింది.

మేడమీద విశ్లేషకురాలు శ్యామసుందరి. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. తెలివైన పిల్ల, ఆ సంగతి ఆఫీసులో బయటపడకుండా జాగ్రత్తగా నెట్టుకొస్తోంది. ఆమె ముందున్న కంప్యూటరులో ఫారం ఒక్కటే. తేమ శాతం, ఇతర పంటల గింజలు, కలుపు విత్తనాలు, జడపదార్థం, మొలక శాతం. ఒక్క గడి ఖాళీగా వదిలినా కంప్యూటరు ముందుకి వెళ్లదు. ఇంజనాయిలు మొలకెత్తదండీ అని ఆమె కిందకి వెళ్లి చెప్పింది.

“మొలకెత్తదని నీకెలా తెలుసు? పరీక్షించావా?” అన్నారు విరూపాక్షరావు గారు.

శ్యామసుందరి పరీక్షించింది. మొలక పరీక్షకి నాలుగొందల గింజలు కావాలి. నాలుగు తడి అద్దుడు కాగితాల మీద పదేసి వరసల్లో వంద చొప్పున నాలుగొందల ఆయిలు చుక్కలు పెట్టి, మొలక పెట్టెలో పద్నాలుగు రోజులు ఉంచింది. ఆదివారాలు కూడా వచ్చి కాగితాలు తడిపింది. పద్నాలుగో రోజున ఫలితం రాసింది. తేమ లేదు. ఇతర పంటల గింజలు లేవు. కలుపు లేదు. జడపదార్థం అర శాతం. మొలక సున్నా.

అయిదు గడుల్లో నాలుగు అద్భుతంగా ఉన్నందుకు విరూపాక్షరావు గారు సంతోషించారు. మొలక తప్పింది గనుక నియమం ప్రకారం రెండో నమూనా తీయించారు. మళ్లీ మూడు సీసాలు, మళ్లీ లక్క, మళ్లీ సాక్షులు. పాత ముద్ర తీసి కొత్త ముద్ర వేయడానికి మధ్య పారినాయుడు ఆశగా చూశాడు గాని, పక్కన నిలబడి ఆయనే ముద్ర కొట్టించారు. జూన్ నెలాఖరుకి ఇంజన్లో ఆయిలు ఎంతుందో ఆ ఇంజనుకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. రెండో ఫలితమూ సున్నాయే. రెండుసార్లూ ఒకే అంకె రావడం ఇంజను నిలకడకి నిదర్శనమని ఆయన ఫైల్లో రాశారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం శ్యామసుందరి అద్దుడు కాగితం పట్టుకుని షెడ్డుకి వచ్చింది. కాగితం మీద చుక్కలు మొలకెత్తలేదు గాని, నల్లటి నడిమి భాగం, చుట్టూ బూడిదరంగు వలయం, దాని చుట్టూ ఇంకో పలచని వలయం కట్టాయి. అది చూసి ఆమెకి ఏదో అనిపించి అడగడానికి వచ్చింది. గోడ చూసి అలాగే నిలబడిపోయింది. వేలకొద్దీ చుక్కలు, కింద తేదీలు. పారినాయుడు వేలు పెట్టి చూపించాడు. ఈ చుక్క ఏసిన ఏడు రేడియేటరు నీరు కలిసింది, ఇదిగో అంచు చీలింది. గాస్కెట్టు మార్చాక చూడమ్మా, చుక్క గుండ్రంగా వొచ్చేసింది.

“నాయుడు గారూ, పరీక్ష అంటే ఇదేనండీ. మేం మేడమీద చేస్తున్నది కాదు” అంది ఆమె.

ఆమె సంతోషం పట్టలేక వెళ్లి విరూపాక్షరావు గారికి చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. ఆయన షెడ్డుకి స్వయంగా విచ్చేసి గోడని ఈ చివరనుంచి ఆ చివరకి పరిశీలించారు. ప్రభుత్వ ఆవరణలో, ఇరవై తొమ్మిదేళ్లుగా, ఏ గుర్తింపూ లేకుండా ఒక ప్రయోగశాల నడుస్తోందని గ్రహించి నిర్ఘాంతపోయారు. కమిషనరు గారు జులై నెలాఖరులో వస్తున్నారు, ఆయన కంట పడితే మండలి పరువేం కావాలి? సాయంత్రానికల్లా గోడ గీకించి సున్నం వేయించారు.

పారినాయుడు ఆ సున్నపు గోడని చూసి కారులో కూచుని ఏడ్చాడు. దాచడమెందుకు, గట్టిగానే ఏడ్చాడు. పెళ్లి ఫొటో చిరిగిపోయిన రోజున కూడా అతనికి అంత దుఃఖం రాలేదు. మెమో ఇవ్వకుండా వదిలినందుకు థాంక్స్ చెప్పమని మాత్రం హెడ్డుగుమాస్తా వచ్చి చెవిలో చెప్పి వెళ్లాడు.

జులైలో మూడో నమూనా తీశారు. ఈసారి విరూపాక్షరావు గారికి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కొన్ని జాతుల విత్తనాలు బతికే ఉన్నా మొలకెత్తవు, నిద్రావస్థలో ఉంటాయి. రాత్రంతా నానబెడితే నిద్ర తేలుతుంది. ఆయిలు కూడా నిద్రావస్థలో ఎందుకుండకూడదు? శ్యామసుందరి ఆయిలుని రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. పొద్దున్న అది నీళ్ల మీద తేలుతూ కనిపించింది. పద్నాలుగు రోజుల తరవాత మళ్లీ సున్నా. అప్పుడు విరూపాక్షరావు గారు తన జీవితంలోకెల్లా గొప్ప వాక్యం రాశారు. ‘సదరు లాటు గాఢనిద్రావస్థయందున్నట్లు శాస్త్రీయముగా రుజువైనందున ఇంజను ఆరోగ్యము సంపూర్ణముగా భద్రమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ అయితే మొలక గడిలో సున్నా ఉన్నంతవరకూ లాటు పరీక్షలో ఉన్నట్టే గనుక ముద్రలు మాత్రం తీయలేదు. ధ్రువపత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి కారు ముందు అద్దం మీద అతికించారు. దానివల్ల పారినాయుడికి రోడ్డు ఎడమ సగం కనబడేది కాదు.

జులై ఇరవై తొమ్మిదిన కమిషనరు గారు వచ్చారు. ఘాటు రోడ్డెక్కి కొండమీద చోడి విత్తనాల సంతని ప్రారంభించాలి. ‘రాష్ట్రమున తొలి తైలపరీక్షిత వాహనము’ అని బానెట్ మీద గుడ్డ కట్టారు. కమిషనరు గారూ విరూపాక్షరావు గారూ వెనక కూచున్నారు. ఊరు దాటగానే పారినాయుడికి ఇంజను మాట తేడాగా వినిపించింది. వంపుల్లో తిరిగినప్పుడు ఆయిలు తగ్గిందని చెప్పే ఎర్ర దీపం ఒకసారి మిణికి ఆరిపోయింది. ఇలాగే ఘాటెక్కితే ఏడో మలుపు దాటదు. ఇరవై తొమ్మిదేళ్ల మాట రిటైరవడానికి రెండ్రోజుల ముందు పోయేలా ఉంది.

కొండ మొదట్లో టీ దుకాణం దగ్గర కమిషనరు గారు దిగారు. పారినాయుడు బానెట్ ఎత్తాడు. తన సీటు కింద గోనెసంచిలో ఉన్న మూడు సీసాలు బయటికి తీశాడు. అవి అతని వాటాలు. పొద్దున్న బయల్దేరే ముందు దాలమ్మకి చెప్పే తెచ్చాడు. మెమో వస్తాదేమో, పింఛను ఆగుతాదేమో అని చెబితే, ఆవిడ, బండి కొండమీద ఆగిపోతే నువ్వు నిద్రపోవుగా అంది.

పటకారతో సీసం ముద్ర తెంపుతుంటే విరూపాక్షరావు గారు టీ గ్లాసు వదిలేసి వచ్చారు.

“నాయుడూ, ముద్ర” అన్నారు.

“వేరే లాటు కాదు బాబూ. దీన్లోంచి తీసిందే, దీన్లో ఏస్తన్నాను. ఎల్లుండి సాయంత్రం దాకా ఈ బండి నాది. ఆ తరవాత మీ ఇష్టం.”

మూడు సీసాల లక్కా పగలగొట్టి ఒక్కొక్కటే పోశాడు. ముద్ర తెంచిన కమ్మీ లాగి చూస్తే అడుగు గీతకి ఇంకా అంగుళం తక్కువే. అయినా నెమ్మదిగా ఎక్కితే ఎక్కుతుంది. ఇంతలో కమిషనరు గారు వచ్చి ఇదేమిటని ఆసక్తిగా అడిగారు. విరూపాక్షరావు గారు, ఇది లాటు పునస్సమ్మేళనమనీ, ఘాటు రోడ్లకి ముందు పాటించవలసిన ప్రక్రియ అనీ చెప్పారు. కమిషనరు గారు ముచ్చటపడి, దీన్ని మార్గదర్శకాల్లో చేర్చి రాష్ట్రమంతా పంపమన్నారు. బండి కొండెక్కింది, దిగింది. ఎక్కడా ఆగలేదు.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం సన్మాన సభ జరిగింది. పునస్సమ్మేళన ప్రక్రియ రూపకర్తగా విరూపాక్షరావు గారికి రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దానికి అందరూ చప్పట్లు కొట్టారు. పారినాయుడికి దండ వేసి, శాలువా కప్పి, పళ్లెంలో అరటిపళ్ల పక్కన ఒక కవరు పెట్టారు. అందులో మెమో ఉంది. ప్రభుత్వ ముద్రను తెంచినందుకును, తన భద్రతయందుంచిన మూడు నమూనాలను అంతర్ధానము చేసినందుకును పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు పింఛను కాగితములు నిలుపుదల చేయడమైనది. కొత్త ముద్ర వేసే ముందు, తెగిన ముద్ర కింద లాటు పరిస్థితి తెలియాలి గనుక, అదే మధ్యాహ్నం నాలుగో నమూనా కూడా తీశారు. మూడు సీసాలు.

రిటైరైన మనిషిని ఆఫీసు కారులో ఇంటిదగ్గర దింపి రావడం ఆ మండలి ఆచారం. పారినాయుడు బతుకులో మొదటిసారి ఆ బండి వెనక సీట్లో కూచున్నాడు. ఇంజను నడుస్తుండగానే తాళం చెవుల పెద్ద గుత్తి కొత్త డ్రైవరు బైరాగి చేతిలో పెట్టాడు. అనుకున్నది అయిపోయింది. విరూపాక్షరావు గారు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపారు.

రైల్వేగేటు దాటి చేపల బజారు మొదట్లోకి వచ్చేసరికి ఇంజను లోపల్నుంచి సన్నగా టకటకమని వినిపించింది. బైరాగికి అది వినబడలేదు. వినబడినా ఎదురుగా అద్దం మీద సంపూర్ణముగా భద్రమని ఉంది. పారినాయుడికి మాత్రం ఆ చప్పుడు తన ఛాతీలో వినబడింది. ఇంకో అర కిలోమీటరు పోతే ఇల్లొస్తుంది. బండి ఇల్లు చేరితే ఇరవై తొమ్మిదేళ్ల రికార్డు పూర్తిగా నిలబడుతుంది. కాని ఆ అర కిలోమీటరులోనే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది.

“బైరాగీ, ఆపెయ్యి” అన్నాడు.

“ఇంటికాడా?”

“ఇక్కడే. ఇంజను ఆపెయ్యి.”

బండి రోడ్డు మధ్యలో ఆగింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. దండ మెడలో అలాగే ఉండగా పారినాయుడు దిగి, కొత్త ముద్రలు తెంపి, కమ్మీ లాగి చూశాడు. కమ్మీ పొడిగా ఉంది. చుక్క రాలలేదు. ఇరవై తొమ్మిదేళ్లు దారిలో ఆగని బండిని, ఆగకూడదని తపించిన మనిషే ఆపాడు. అతనికి చెప్పలేనంత బాధ కలిగింది, ఆ బాధలోనే గుండె కుదుటపడింది కూడా. బైరాగి విరూపాక్షరావు గారికి ఫోను చేశాడు. ధ్రువపత్రం ఉన్న ఇంజనును ఆపడానికి ఏ నియమమూ ఒప్పుకోదని, వెంటనే నడపమని ఆయన ఆజ్ఞాపించారు. పారినాయుడు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న స్పేరుపార్టుల దుకాణంలో ఆయిలు డబ్బాలు కొన్నాడు. గంటసేపు ఇంజను చల్లారనిచ్చి, కమ్మీ పై గీత దాకా పోశాడు. స్టార్టు చేయించి విన్నాడు. టకటక కొంచెం కొంచెంగా తగ్గి, పాత మాట తిరిగొచ్చింది.

కమ్మీ కొసన ఈసారి చుక్క నిలిచింది. రాల్చడానికి కాగితం కోసం జేబులు తడుముకుంటే మెమో దొరికింది. దాని వెనక్కి తిప్పి చుక్క రాల్చి, తేదీ వేశాడు. బైరాగిని బండి తీసుకుని వెళ్లమని చెప్పి తాను నడిచి ఇంటికి వెళ్లాడు. మర్నాడు ఆ మెమో కాగితాన్నే సంజాయిషీగా రిజిస్టరు పోస్టులో పంపించాడు. ఒక్క వాక్యం రాశాడు: ‘బండిని నేనే ఆపినాను, ఎందుకాపినానో వెనకన ఉంది.’

విరూపాక్షరావు గారు కాగితం తిరగేసి చుక్కని చూశారు. మండలికి చేరిన ఏ నమూనానైనా ప్రయోగశాలకి పంపవలెనని నియమం. దానికి అయిదో నంబరు వేసి మేడమీదకి పంపించారు.

శ్యామసుందరి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. నడుమ నలుపు, చుట్టూ గుండ్రటి వలయం, చీలికలేని అంచు. తరవాత ఫారం తెరిచి, చాలా శ్రద్ధగా నింపింది. తేమ లేదు. కలుపు లేదు. వివరాల గడిలో ఇలా రాసింది: ‘నమూనాయందలి చుక్కలు ఒకటి. రాల్చునాటికి శనగగింజ పరిమాణమున ఉండి, పరీక్షాకాలమున రూపాయి బిళ్లంత పెరిగినది. పెరిగిన చుక్కలు ఒకటి. మొలక నూరు శాతము.’

విరూపాక్షరావు గారు ఆ ఫలితాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. తాను మొదట్నుంచీ చెబుతున్నదే చివరికి రుజువైందని ఆయన ఆనందించారు. మొలక నూరు వచ్చిన లాటుని నియమం ప్రకారం పరీక్ష నుంచి విడుదల చేయాలి. తెగి వేలాడుతున్న ముద్రలు ఊడదీశారు, అట్ట తీసేశారు. విడుదలైన లాటుకి ముద్రలూ దాచిన నమూనాలూ అక్కర్లేదు గనుక పారినాయుడి మీద అభియోగం కూడా ఎగిరిపోయింది. పింఛను కాగితాలు కదిలాయి.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్న ఆ తెల్ల కారు పారినాయుడి ఇంటి ముందుకి వస్తుంది. బైరాగి కిటికీలోంచి న్యూస్ పేపరు ముక్క ఒకటి అందిస్తాడు. శ్యామసుందరి దానిమీద తేదీ వేసి పంపుతుంది. ఇంటి గోడ పాడైపోతోందని దాలమ్మ సణుగుతూనే మైదాపిండి జిగురు కలిపి ఇస్తుంది. పారినాయుడు చుక్కని ఎండకి పట్టి చూస్తాడు.

“ఓ గ్లాసుడు పొయ్యి” అంటాడు.

బైరాగి తలూపి వెళ్లిపోతాడు. అంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది.